ఆమ్ల చెరువు నీటిలో కప్ప గుడ్ల పరీక్ష: పీహెచ్ సర్దితే సరిపోతుందా?

తడినేల (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఆమ్ల చెరువుల్లో కప్పలు, సాలమాండర్ల గుడ్లు ఎందుకు పొదగవో చూసే ప్రయోగశాల పరీక్షకు ప్రణాళిక రాస్తున్నాం. ప్రస్తుతానికి అనుకున్నది ఇది. ఫెటాక్స్ ద్రావణం (కప్ప పిండాల పరీక్షల్లో వాడే ప్రామాణిక ఉప్పునీరు) తయారుచేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 4.0, 4.5, 5.0, 5.5 పీహెచ్‌లకు దించడం, కంట్రోల్‌ను 7.0 దగ్గర ఉంచడం. ఒక్కో పీహెచ్‌కు ఒక పెద్ద తొట్టి, తొట్టికి 200 గుడ్లు. సిస్టీన్ అనే రసాయనంతో గుడ్ల చుట్టూ ఉండే జెల్లీ తీసేస్తే పిండాన్ని చూడటం తేలికవుతుందని ఒక ఆలోచన. చివర్లో ఎన్ని పొదిగాయో శాతం లెక్క. "ఇంత పీహెచ్ కంటే దిగితే ఈ జాతి బతకదు" అని చెరువులకు వర్తించే సంఖ్య ఒకటి చెప్పగలగాలి. ఎక్కడ తేడా వస్తుందో చెప్పండి.

నీటిరసాయనం

ద్రావణం దగ్గరే తేడా వస్తుందండి. ఫెటాక్స్‌లో లీటరుకు 625 మి.గ్రా. సోడియం క్లోరైడ్, 96 మి.గ్రా. సోడియం బైకార్బొనేట్ ఉంటాయి. రెంటిలోనూ కలిపి సోడియమే లీటరుకు సుమారు 270 మి.గ్రా. వర్షపు నీటితో నిండి ఆమ్లంగా మారే చెరువుల్లో సముద్రపు ఉప్పు సోకనంతవరకు సోడియం లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే. కాల్షియం కూడా అంతే.

ఈ తేడా ప్రాణాంతకమైనది. ఆమ్లం తోకకప్పను చంపేది ముఖ్యంగా సోడియం దారిలోనే. హైడ్రోజన్ అయాన్లు పెరిగినప్పుడు, నీటిలోంచి సోడియాన్ని లోపలికి లాక్కునే పని మందగిస్తుంది. అదే సమయంలో, కణాల మధ్య అతుకులను బిగించి ఉంచే కాల్షియాన్ని హైడ్రోజన్ అయాన్లు తోసేయడంతో ఒంట్లో ఉన్న సోడియం బయటికి కారిపోతుంది. ఫ్రెడా, డన్సన్ 1980లలో చేసిన పరిశోధనల్లో ఒంటి సోడియంలో దాదాపు సగం పోయేసరికి తోకకప్పలు చనిపోయాయి. బయటి నీటిలోనే సోడియం దండిగా ఉంటే ఈ కారుడు కప్పబడిపోతుంది. మీ తొట్టిలో 4.5 దగ్గర బతికిన పిల్ల, అదే 4.5 ఉన్న పలచని చెరువు నీటిలో బతుకుతుందని చెప్పడానికి ఆధారం ఉండదు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) వారి "అతి మృదుజలం" వాడండి. అయాన్లు తీసిన నీరు లీటరుకు సోడియం బైకార్బొనేట్ 12 మి.గ్రా., జిప్సం (రెండు నీటి అణువులున్న కాల్షియం సల్ఫేట్) 7.5, నీరులేని మెగ్నీషియం సల్ఫేట్ 7.5, పొటాషియం క్లోరైడ్ 0.5. దీనితో సోడియం 3.3 మి.గ్రా., కాల్షియం 1.75 మి.గ్రా. వస్తుంది. జిప్సం నెమ్మదిగా కరుగుతుంది. దాన్ని విడిగా కొంత నీటిలో వేసి పూర్తిగా కరిగేదాకా కలిపి, తర్వాతే మిగతా లవణాల నీటిలో పోయండి. అడుగున తెల్లటి పొడి మిగిలిందంటే మీ కాల్షియం లెక్క తప్పిందన్నమాట. మీ చెరువు నీటి విశ్లేషణ చేతిలో ఉంటే ఇంకా మంచిది, ఆ సోడియం, కాల్షియం విలువలకే నీటిని కట్టండి.

తడినేల

ధన్యవాదాలు. ఆమ్లం ఏది వాడాలి, ఎంత పట్టవచ్చు? చుక్కలు వేస్తూ పీహెచ్ చూస్తూ పోతే చాలా?

నీటిరసాయనం

సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడండి. ఆమ్ల వర్షం తెచ్చిన చెరువుల్లో ప్రధాన రుణ అయాను సల్ఫేటే. హైడ్రోక్లోరిక్ వాడితే క్లోరైడ్ పెరుగుతుంది. నైట్రిక్ వాడితే నైట్రేట్ చేరి తొట్టిలో పాచికి ఎరువవుతుంది.

చుక్కల పద్ధతి పలచని నీటిలో మోసం చేస్తుంది. ముందు లెక్క కట్టండి. 12 మి.గ్రా. బైకార్బొనేట్ అంటే లీటరుకు 0.143 మిల్లీ ఈక్వివలెంట్లు (ఎంత ఆమ్లాన్ని హరించగలదో చెప్పే కొలమానం). మొదట దాన్ని మొత్తం హరించాలి, ఆపైన కావలసిన హైడ్రోజన్ అయాన్లు మిగలాలి. 4.5 దగ్గర అవి 0.032, 4.0 దగ్గర 0.1, 5.0 దగ్గర 0.01. అంటే 10 లీటర్ల నీటికి 0.1 నార్మల్ ఆమ్లం 5.0కు 15.3 మి.లీ., 4.5కు 17.5 మి.లీ., 4.0కు 24.3 మి.లీ. చూడండి, 5.0కీ 4.5కీ మధ్య తేడా 10 లీటర్లకు రెండు మి.లీ. పైచిలుకు మాత్రమే. బ్యూరెట్ లేకుండా ఈ పని కాదు.

0.1 నార్మల్ తయారీకి గాఢ ఆమ్లం 2.8 మి.లీ.ను నీటిలోకి పోసి లీటరు చేయండి. ఎప్పుడూ ఆమ్లాన్నే నీటిలోకి పోయాలి, నీటిని ఆమ్లంలోకి కాదు.

ఆమ్లం పోసిన వెంటనే చూసిన పీహెచ్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. హరించిన బైకార్బొనేట్ అంతా కార్బన్ డయాక్సైడ్‌గా నీటిలోనే ఉంటుంది. రాత్రంతా గాలి బుడగలు పంపి దాన్ని వెళ్లగొట్టాక అసలు విలువ తేలుతుంది. 5.5 గుంపులో ఈ తేడా బాగా కనిపిస్తుంది. 4.0లో దాదాపు కనిపించదు. గాలి పంపకుండా గుడ్లు వేస్తే మొదటి కొన్ని గంటలు ఒక పీహెచ్, తర్వాత ఇంకో పీహెచ్. పిండం మొదటి విభజనలు సరిగ్గా ఆ గంటల్లోనే జరుగుతాయి.

ఎలక్ట్రోడ్

పై లెక్కలన్నీ మీటరు నిజం చెబితేనే పనికొస్తాయి. పలచని నీటిలో మామూలు పీహెచ్ మీటరు చేసే తప్పు చిన్నదేం కాదు, కాబట్టి దీని గురించి వివరంగా రాస్తున్నాను.

బఫర్ ద్రావణాల్లో అయాన్లు దట్టంగా ఉంటాయి. ఎలక్ట్రోడ్ అక్కడ చక్కగా 4.01, 7.00 చూపిస్తుంది, వాలు కూడా బాగానే వస్తుంది (25 డిగ్రీల దగ్గర సిద్ధాంతపరంగా ఒక పీహెచ్‌కు 59.16 మిల్లీవోల్టులు, 95 శాతం కంటే తగ్గితే ఎలక్ట్రోడ్ పక్కన పెట్టండి). అదే ఎలక్ట్రోడ్‌ను అతి మృదుజలంలో పెడితే రిఫరెన్స్ రంధ్రం దగ్గర వోల్టేజీ మారి అంకె కదులుతూనే ఉంటుంది. జెల్ నింపిన మూతపెట్టిన రకాలతో ఈ ఇబ్బంది ఎక్కువ. పొటాషియం క్లోరైడ్ ద్రవం నింపుకునే, కొద్దికొద్దిగా బయటికి పారే రకం తీసుకోండి. వాడేటప్పుడు నింపే రంధ్రం మూత తెరిచి ఉంచాలి. చాలామంది ఇది మర్చిపోతారు.

బఫర్‌లోంచి తీశాక అయాన్లు తీసిన నీటితో బాగా కడగండి. ఒక చుక్క బఫర్ మిగిలినా పలచని నీటి పీహెచ్‌ను అది లాగేస్తుంది. తర్వాత పరీక్షించే నీటినే కొంచెం చిన్న బీకరులో పోసి, ఎలక్ట్రోడ్‌ను అందులో ఐదు పది నిమిషాలు ఉంచి ఆ నీటిని పారబోయండి. కొత్త నీరు పోసి, ఒకసారి కలిపి, కదపకుండా ఆపి చదవండి. కలుపుతూ చదివితే వేరే అంకె వస్తుంది. నిమిషానికి 0.02 కంటే తక్కువ కదులుతున్నప్పుడు రాసుకోండి.

మీటరు నిజాయతీ తేల్చే పరీక్ష ఒకటుంది. 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మి.లీ.ను అయాన్లు తీసిన నీటితో లీటరు చేయండి. దాని పీహెచ్ 4.00 ఉండాలి, విద్యుత్ వాహకత 25 డిగ్రీల దగ్గర సెం.మీ.కు సుమారు 43 మైక్రోసీమెన్స్. బఫర్‌లో 4.01 చూపించి ఇక్కడ 4.2 చూపిస్తే తప్పు ఎలక్ట్రోడ్‌ది. ప్రతి రోజూ మొదట ఇది చూసి, ఆ విలువను నోటుబుక్కులో రాసి, తర్వాతే తొట్ల దగ్గరికి వెళ్లండి.

పీహెచ్ కాగితం మాత్రం వద్దు. కాగితంలోని రంగు పదార్థం తానే బలహీన ఆమ్లం. పలచని నీరు దాన్ని మార్చే బదులు అదే ఆ నీటిని మారుస్తుంది.

జెల్లీపొర

జెల్లీ తీసేయాలన్న ఆలోచనను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఆమ్లం చేసే పనిలో పెద్ద భాగం జరిగేది ఆ పొరల్లోనే.

పీహెచ్ తగ్గుతూ పోతే కనిపించే దశలు ఇవి. బాగా తక్కువ ఉన్నచోట పిండం విభజనల్లోనో, గ్యాస్ట్రులా (పిండం పొరలు ఏర్పడే) దశలోనో ఆగిపోతుంది. పచ్చసొన గడ్డ లోపలికి మూసుకోకుండా బయటికి పొడుచుకుని ఉండటం దాని గుర్తు. దానికి కొంచెం పైన ఇంకో పట్టీ ఉంటుంది, చాలా ప్రయోగాలు దీన్ని చూడకుండా దాటేస్తాయి. ఇక్కడ పిండం పెరుగుతుంది, తోక, మొప్పలు వస్తాయి, గుండె కొట్టుకుంటుంది, కానీ బయటికి రాదు. పిండం చుట్టూ ఉండే ద్రవపు ఖాళీ కుంచించుకుపోయి, పిండం చుట్టుకుని ఇరుక్కుపోతుంది. గుడ్డు పొరను కరిగించడానికి పిండం తల ముందు భాగంలోని గ్రంథులు విడుదల చేసే ఎంజైమ్ ఆమ్లంలో సరిగ్గా పనిచేయదు. డన్సన్, కానెల్ 1982లో జెనోపస్ (ఆఫ్రికా గోళ్ల కప్ప) పిండాల్లో చూపించింది ఈ పొదిగే ఘట్టం మీది దెబ్బనే. జెల్లీ, పొరలు తీసేసిన గుడ్లతో పరీక్షిస్తే ఈ పట్టీ మొత్తం మాయమైపోతుంది, ఆ పీహెచ్ సురక్షితమనిపిస్తుంది.

కాబట్టి "పొదిగినవి, పొదగనివి" అన్న రెండు గడులు చాలవు. కనీసం నాలుగు పెట్టండి: న్యూరులా దశకు (నాడీ గొట్టం ఏర్పడే దశ) ముందే చనిపోయినవి, పూర్తిగా పెరిగి చుట్టుకుపోయి లోపలే ఉన్నవి, వంకర తోకతోనో ఉబ్బిన పొట్టతోనో పొదిగినవి, మామూలుగా పొదిగినవి. రెండో గడిలోని కొన్ని పిండాలను సన్నని శ్రావణాలతో పొర చీల్చి బయటికి తీసి అదే నీటిలో ఉంచండి. అవి నిటారుగా సాగి ఈదితే అడ్డం పొర దగ్గరే ఉన్నట్టు. బయటికి తీసినా చనిపోతే దెబ్బ పిండానికే తగిలింది.

గుడ్లను ప్రయోగంలో పెట్టే సమయం కూడా రాయండి. గ్యాస్ట్రులా దాటిన గుడ్లతో మొదలుపెడితే అత్యంత సున్నితమైన దశ మీ ప్రయోగంలో లేనట్టే. కప్ప పిండం ఎదుగుదలను అంకెలతో గుర్తించే గాస్నర్ దశల పట్టికలో 10 కంటే ముందే నీటిలోకి వెళ్లాలి. ఫలదీకరణ ప్రభావం కూడా కావాలంటే అది వేరే ప్రయోగం. వీర్యకణాల కదలిక పీహెచ్‌కు విడిగా స్పందిస్తుంది, రెంటినీ కలిపితే ఏది దేనివల్లో తేల్చలేరు.

తడినేల

గుడ్ల ముద్ద మొత్తంగా పెట్టాలా, విడదీయాలా?

జెల్లీపొర

చిన్న గుంపులుగా కత్తిరించండి, అన్ని పాత్రల్లోనూ ఒకే పరిమాణం ఉండాలి. పెద్ద ముద్ద మధ్యలో ఉన్న గుడ్డు చుట్టూ నీరు బయటి నీటిలా ఉండదు. ఆమ్లం లోపలికి చేరడానికి సమయం పడుతుంది, ఆక్సిజన్ కూడా తక్కువ. ఒక పాత్రలో 25 గుడ్ల ముక్క, ఇంకోదానిలో ఐదేసి గుడ్ల ముక్కలు ఐదు పెడితే మీరు కొలిచేది ముక్క పరిమాణం ప్రభావమే. కత్తిరించేటప్పుడు నలిగిన గుడ్లను తీసేయండి.

చనిపోయిన గుడ్ల మీద తెల్లటి దూది లాంటి బూజు, ఎక్కువగా సాప్రోలెగ్నియా, పడుతుంది. పక్క గుడ్లకు పాకకముందే రోజూ తీసేయాలి. ఎన్ని తీశారో, బూజు పట్టకముందే చనిపోయాయా అన్నదీ రాయాలి. ఆమ్లం వల్ల చచ్చినదాని మీద బూజు చేరడం ఒకటి, బూజు బతికున్నదాన్ని చంపడం ఇంకొకటి.

లెక్కలపలక

200 గుడ్ల ఒక్క తొట్టి గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. గణాంకాల దృష్టితో చూస్తే ఒక తొట్టి ఒక పరిశీలన మాత్రమే, లోపల 200 గుడ్లున్నా 2,000 ఉన్నా. గాలి గొట్టం ఆగిపోయినా, బూజు వ్యాపించినా ఆ తొట్టి మొత్తం పోతుంది, మీరు దాన్ని పీహెచ్ ఖాతాలో వేస్తారు. పైగా ఒకే తల్లి గుడ్లు ఒకదానికొకటి స్వతంత్రం కావు.

ఇలా చేయండి. 10 కప్ప జతలు పెట్టిన ఒక్కో గుడ్ల ముద్ద తీసుకుని, ప్రతి ముద్దనూ ఐదు పీహెచ్‌లకూ పంచండి, పాత్రకు 25 గుడ్లు. మొత్తం 50 పాత్రలు. పాత్రకు అర లీటరు నీరు, రోజూ మార్పిడి అనుకుంటే ఒక్కో పీహెచ్‌కు రోజుకు 5 లీటర్లు కావాలి. 10 లీటర్ల క్యాను రెండు రోజులకు వస్తుంది. బల్ల మీద పాత్రల స్థానాలు లాటరీ తీసి నిర్ణయించండి. 4.0వన్నీ ఒక పక్క, 7.0వన్నీ కిటికీ పక్కన ఉంటే ఉష్ణోగ్రత తేడా పీహెచ్ తేడాగా కనిపిస్తుంది. లెక్కించేవారికి పాత్ర మీద సంకేతం మాత్రమే కనిపించాలి.

ఫలదీకరణ చెందని గుడ్లను హారంలోంచి తీసేయండి. మొదటి విభజన కనిపించినవే లెక్కలోకి వస్తాయి. కంట్రోల్‌లో 10 శాతం మించి చనిపోయిన ముద్ద మీద నమ్మకం పెట్టుకోకూడదు, తీసేస్తే తీసేశామని రాయాలి. విశ్లేషణకు ద్విపద మిశ్రమ నమూనా (బతికిందా లేదా అన్న ఫలితాన్ని, ముద్దకూ ముద్దకూ ఉండే తేడాతో కలిపి చూసే గణాంక పద్ధతి), అందులో గుడ్ల ముద్ద యాదృచ్ఛిక కారకం. పాత్రల మధ్య చెదురు ద్విపద అంచనా కంటే ఎక్కువగా ఉందేమో తప్పక చూడండి, దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

ఇంకొకటి. పీహెచ్‌లను మామూలుగా సగటు చేయొద్దు. సగం రోజులు 4.0, సగం రోజులు 6.0 ఉన్న నీటికి హైడ్రోజన్ అయాన్ల సగటు తీస్తే పీహెచ్ 4.3 వస్తుంది, 5.0 కాదు. సగటుతో పాటు కనిష్ఠం, గరిష్ఠం కూడా పట్టికలో ఉండాలి.

కొండనీరు

పద్ధతి బాగా కుదురుతోంది. కానీ "ఇంత పీహెచ్ కంటే దిగితే ఈ జాతి బతకదు" అన్న లక్ష్యం గురించి నాకు అభ్యంతరం ఉంది. ఆ వాక్యం ఒక జాతికంతటికీ నిలబడదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా పరిసరాల తాత్కాలిక మడుగుల్లో హార్వీ పాఫ్ 1976లో ప్రచురించిన పని చూడండి. మచ్చల సాలమాండర్ పిండాలు పీహెచ్ 6 కంటే తక్కువ ఉన్న మడుగుల్లో 60 శాతానికి పైగా చనిపోయాయి, తటస్థానికి దగ్గరగా ఉన్నచోట 1 శాతం లోపే. అవే మడుగుల్లో గుడ్లు పెట్టే దగ్గరి బంధువు జెఫర్సన్ సాలమాండర్ అంతకంటే ఆమ్లాన్ని ఓర్చుకుంది. న్యూజెర్సీ పైన్ బ్యారెన్స్ లాంటి సహజంగా ఆమ్లమైన చోట గాస్నర్, బ్లాక్ 1957లోనే చూపించారు: అక్కడి చెట్టుకప్ప హైలా ఆండర్సోనై, కార్పెంటర్ కప్ప పిండాలు 4 దరిదాపుల్లోనూ పెరుగుతాయి, బయటి ప్రాంతాల నుంచి వచ్చిన జాతులు తట్టుకోలేవు.

ఒకే జాతి లోపల కూడా తేడా ఉంది. స్వీడన్‌లో మూర్ కప్ప, రానా ఆర్వాలిస్, మీద కాటియా రాసానెన్ బృందం చేసిన పనిలో ఆమ్ల చెరువుల నుంచి తెచ్చిన ముద్దలు తటస్థ చెరువుల ముద్దల కంటే ఆమ్లంలో బాగా బతికాయి. రెండు చోట్ల కప్పలను అటూ ఇటూ సంకరం చేస్తే పిండం ఓర్పును నిర్ణయించింది తల్లి ఊరే, తండ్రిది కాదు. కారణం గుడ్డు చుట్టూ తల్లి అమర్చే జెల్లీ గుణంలో ఉందని వాళ్ల తదుపరి పని చూపిస్తోంది. జెల్లీపొర గారి మాటకు ఇది ఇంకో బలం. సిస్టీన్‌తో కడిగేస్తే ఆ చెరువుకే ప్రత్యేకమైన అనుసరణను కూడా కడిగేసినట్టు.

అందుకని ముద్దలు ఏ చెరువువో, ఆ చెరువు పీహెచ్ ఎంతో, కనీసం రెండు మూడు చెరువుల నుంచి తీసుకున్నారో లేదో చూసుకోండి. వల, బూట్లు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు తీసుకెళ్లేముందు బురద పూర్తిగా కడిగి, 1 శాతం వర్కాన్ అనే క్రిమిసంహారక ద్రావణంలో ముంచి ఆరబెట్టండి. బురద ఉండగా మందు పనిచేయదు. కప్పలకు జబ్బు తెచ్చే కైట్రిడ్ శిలీంధ్రాన్ని, రానావైరస్‌ను మోసుకెళ్లేది ఈ బురదే.

తడినేల

ఒప్పుకుంటున్నాను, లక్ష్యాన్ని మారుస్తాం. అల్యూమినియం సంగతేమిటి? ఆమ్ల చెరువు అంటే అల్యూమినియం కూడా ఉంటుంది కదా.

నీటిరసాయనం

ఉంటుంది, కానీ అన్ని రకాలూ ఒకటి కాదు. ఆమ్లం మట్టిలోంచి అల్యూమినియాన్ని కరిగిస్తుంది. విషం ఎక్కువగా ఉన్నది సేంద్రియ పదార్థానికి అంటుకోకుండా విడిగా తిరిగే అకర్బన రూపంలో. టీ రంగు నీటి చెరువుల్లో హ్యూమిక్ ఆమ్లాలు దాన్ని పట్టేసుకుంటాయి. మొత్తం అల్యూమినియం ఒకటే ఉన్న రెండు చెరువుల్లో ఒకటి చంపుతుంది, ఇంకొకటి చంపదు. 0.45 మైక్రాన్ వడపోత ఈ రెంటినీ విడదీయలేదు. పైరోకాటెకాల్ వయొలెట్ రంగు పద్ధతిని కాటయాన్ మార్పిడి గొట్టంతో కలిపి వాడితేనే విడి భాగం తెలుస్తుంది.

ప్రయోగానికి ఆరు నీటి అణువుల అల్యూమినియం క్లోరైడ్ 1.79 గ్రా. లీటరులో కరిగించి, దాన్ని లీటరు నీటికి 1 మి.లీ. చొప్పున వేస్తే 200 మైక్రోగ్రాముల అల్యూమినియం వస్తుంది. అది తానే పీహెచ్‌ను దించుతుంది. కాబట్టి ముందు అల్యూమినియం, తర్వాత ఆమ్లం సర్దుబాటు, తర్వాత 24 గంటలు నిలవ, ఆ తర్వాత గుడ్లు. 5.5కు పైన అది గడ్డకట్టి పాత్ర అడుగుకు చేరుతుంది. అక్కడ మీరు వేసిన మోతాదు కాక, కొలిచిన మోతాదే రాయాలి. చాలా తక్కువ పీహెచ్ దగ్గర అల్యూమినియం కాల్షియంలా కారుడును కొంత అడ్డుకోవడం కూడా కొన్ని ప్రయోగాల్లో కనిపించింది. అందుకే "అల్యూమినియం కలిస్తే ఎప్పుడూ ఇంకా చెడ్డది" అని ముందే అనుకోవద్దు. ప్రతి పీహెచ్ దగ్గరా ఉన్నదీ లేనిదీ రెండూ పెట్టాలి.

పాత్రలు బోరోసిలికేట్ గాజువో పాలిథీన్‌వో ఉండాలి, 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి కడిగినవి. సిమెంటు తొట్టి, సున్నపురాయి గులకలు, రాగి గొట్టం నీరు, ఏదీ దగ్గరికి రానివ్వకండి.

చెరువుకాపు

పరిశోధన తర్వాత అందరూ అడిగే ప్రశ్న నేనే వేస్తాను. ఆమ్లమైన చెరువులో సున్నపురాయి పొడి వేస్తే అయిపోదా? బ్రిటన్‌లో నాటర్‌జాక్ టోడ్ కోసం ఇది చేశారు కదా.

కొండనీరు

చేశారు, దాని వెనక గట్టి ఆధారం ఉంది. ట్రెవర్ బీబీ బృందం 1990లో ప్రచురించిన పనిలో హాంప్‌షైర్‌లోని వూల్మర్ చెరువు లాంటి చోట్ల అడుగు మట్టి పొరల్లోని డయాటమ్‌లను (సిలికా పెంకు ఉన్న సూక్ష్మ పాచి) చదివి, ఆ నీళ్లు ఎలా ఆమ్లమయ్యాయో చూపారు. టోడ్ తగ్గడానికి అదొక కారణమని పాత రికార్డులతోనూ ప్రయోగాలతోనూ కలిపి చెప్పారు. చెరువు ఒకప్పుడు ఆమ్లం కాదని తేలినప్పుడే ఈ చికిత్సకు అర్థం ఉంది. మొదటి నుంచీ ఆమ్లంగా ఉన్న పీట్ (సగం కుళ్లిన నాచు పేరుకున్న) మడుగులో సున్నపురాయి వేస్తే స్ఫాగ్నం నాచు చచ్చి, అక్కడికే అలవాటుపడ్డ జాతులు పోతాయి. పైన్ బ్యారెన్స్ కప్పల విషయంలో జరిగేది సరిగ్గా అదే: ఆమ్లం పోతే బయటి జాతులు లోపలికి వస్తాయి. చేపలు కూడా గుర్తుపెట్టుకోండి. ఆమ్లం చేపలను దూరం పెట్టినంతకాలం గుడ్లను తినేవాళ్లు తక్కువ.

నీటిరసాయనం

మోతాదు లెక్క చెబుతాను. 100 ఘనమీటర్ల చెరువు, పీహెచ్ 4.5. లీటరుకు 32 మైక్రో ఈక్వివలెంట్ల ఆమ్లాన్ని హరించి, ఇంకో 100 క్షారత్వం మిగలాలనుకుంటే 132. మొత్తం నీటికి 13.2 ఈక్వివలెంట్లు, కాల్షియం కార్బొనేట్‌గా 660 గ్రాములు. ఇంత తక్కువా అనిపిస్తుంది, కానీ ఇది నీటి లెక్క మాత్రమే. అల్యూమినియం, సేంద్రియ ఆమ్లాలు వాటి వంతు తింటాయి, అడుగు మట్టి అన్నిటికంటే ఎక్కువ తింటుంది. అందుకే బకెట్‌లో చెరువు మట్టి, చెరువు నీరు ఒకే నిష్పత్తిలో వేసి, పొడి కలిపి, కొన్ని వారాలు పీహెచ్ చూసి మోతాదు నిర్ణయించాలి. పిండిలా సన్నటి పొడే వాడాలి. గరుకు ముక్కల మీద ఇనుము, అల్యూమినియం పూత ఏర్పడి కరగడం ఆగిపోతుంది.

కాల్చిన సున్నం గానీ తడి సున్నం గానీ వద్దు. వాటి సంతృప్త ద్రావణం పీహెచ్ 12.4, పడ్డచోట ఏదీ బతకదు. నీటిలో గుడ్లు, తోకకప్పలు ఉన్నప్పుడు సున్నపురాయి పొడి కూడా వద్దు. ఆమ్ల నీరు ఒక్కసారి తటస్థమైతే కరిగి ఉన్న అల్యూమినియం ఆ క్షణంలో గడ్డకడుతూ మొప్పల మీద పేరుకుంటుంది. ఆమ్ల నీరు, తటస్థ నీరు కలిసే చోట పుట్టే ఈ విషం చేపల్లో బాగా తెలిసినదే. పిల్లలు రూపవిక్రియ ముగించి గట్టెక్కాక వేయండి.

చెరువుకాపు

స్పష్టంగా ఉంది. చివరిగా, చెరువు పీహెచ్ ఎప్పుడు కొలవాలి? నెలకోసారి చూస్తే సరిపోతుందా?

కొండనీరు

సరిపోదు. కొలరాడోలోని మెక్సికన్ కట్ అనే కొండ చెరువుల దగ్గర టైగర్ సాలమాండర్ల మీద జరిగిన వాదమంతా ఈ ప్రశ్న మీదే. మంచు కరిగే నీటితో వచ్చే ఆమ్లపు కెరటమే పిండాలను దెబ్బతీసి ఉంటుందని హార్ట్, హాఫ్‌మన్ 1989లో రాశారు. విసింగర్, వైట్‌మన్ 1992లో దాన్ని ప్రశ్నించారు: పిండాలు నీటిలో ఉండే రోజులకూ, పీహెచ్ పడిపోయే రోజులకూ పొంతన కుదరాలి కదా, సంఖ్యలో హెచ్చుతగ్గులు సహజంగానూ రావచ్చు కదా అని. కెరటం ఉందా అన్నదొక్కటే చూస్తే చాలదు. అది వచ్చిన రోజున గుడ్లు ఏ దశలో ఉన్నాయో కూడా తెలియాలి.

మంచులో ఉన్న అయాన్లలో చాలా భాగం మొదట కరిగిన నీటితోనే వచ్చేస్తుంది. మంచు పడని చోట్ల ఎండాకాలం అదే పని చేస్తుంది. చెరువు ఎండి అడుగు బురద గాలికి తెరుచుకుంటే అందులోని సల్ఫైడ్‌లు ఆక్సిజన్‌తో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారతాయి, మొదటి వానకు అదంతా నీటిలోకి వస్తుంది. కప్పలు గుడ్లు పెట్టేది కూడా ఆ మొదటి వానలకే.

అందుకని చెరువు నిండిన రోజు నుంచి గుడ్లు పొదిగేదాకా రోజూ కొలవండి, వాన పడిన రోజు రెండుసార్లు. గట్టు దగ్గర కాదు, గుడ్ల ముద్ద ఉన్న లోతులో, ఆనుకుని ఉన్న నీటిని సిరంజితో తీసి చూడండి. నాచు తివాచీలో ముద్ద ఉంటే అక్కడి పీహెచ్ నడిచెరువు కంటే తక్కువ ఉండొచ్చు. రోజూ ఒకే గంటకు కొలవాలి, రెండుసార్లు కొలిచే రోజు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఎందుకంటే పాచి పగలు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని పీహెచ్‌ను పైకి నెడుతుంది. ప్రతి కొలతతో పాటు ఉష్ణోగ్రత, వాహకత, నీటి లోతు, గుడ్ల దశ ఒకే వరుసలో రాయండి. సోడియం, కాల్షియం, అల్యూమినియం కోసం ఒక సీసా వాన తర్వాత, ఒక సీసా పొడి రోజుల్లో తీసి పెట్టండి.

ఎలక్ట్రోడ్

ఆ సీసాలు తీసేటప్పుడు, పీహెచ్ కోసం తీసినదాన్ని అంచుదాకా నింపి గాలి లేకుండా మూత బిగించండి, ఆ రోజే చదవండి. లోహాల సీసాను మాత్రం వడపోసి శుద్ధ నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కిందికి దించి ఉంచాలి. అల్యూమినియం రూపాలు విడదీయాలనుకున్న సీసాలో ఆమ్లం పోయకూడదు, పోస్తే రూపాలన్నీ కలిసిపోతాయి. దాన్ని చల్లగా ఉంచి వీలైనంత త్వరగా కాటయాన్ మార్పిడి గొట్టం గుండా పంపండి.